ఆనకట్ట కింద ఆగిపోయిన వంశం

2003 జనవరి 24న యాంగ్‌జీ నది ఎగువన, యిబిన్ దగ్గర, జాలర్ల వలలో ఓ ఆడచేప పడింది. పొడవు మూడున్నర మీటర్లు, బరువు నూటయాభై కిలోల పైమాటే. కడుపులో గుడ్లున్నాయి. తలకు ముందు కత్తిలా సాగిన పొడవాటి ముట్టె. నీటిలో కదిలే చిన్న ప్రాణుల విద్యుత్తును పసిగట్టే శక్తి ఆ ముట్టెలోనే ఉంటుంది. చైనా జాలర్లు దీన్ని ఏనుగు చేప అంటారు. శాస్త్రవేత్తలకు ఇది చైనా ప్యాడిల్‌ఫిష్, డైనోసార్ల కాలం నాటి వంశం.

కబురు అందగానే మత్స్య శాస్త్రవేత్త వెయ్ చివెయ్ బృందం పరుగున వచ్చింది. గాయాలకు కుట్లు వేశారు. ఒంటికి సంకేతాలు పంపే పరికరం అమర్చి, 27న నదిలో వదిలి, పడవలో వెంటే వెళ్ళారు. 29 రాత్రి ఆ పడవ రాళ్ళకు కొట్టుకుంది. బాగుచేసుకుని వచ్చేసరికి సంకేతం ఆగిపోయింది. ఆ తర్వాత ప్రాణంతో ఉన్న ఏనుగు చేప ఎవరి కంటా పడలేదు.

ఈ కథ విన్నవాళ్ళు ఆ పడవను తిట్టుకుంటారు. పాపం, దాని తప్పేముంది? అసలు దెబ్బ 1981లోనే పడింది. ఆ ఏడాది యీచాంగ్ దగ్గర గజౌబా ఆనకట్టతో నదికి అడ్డుకట్ట పడింది. ఏనుగు చేప దిగువ నీళ్ళలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఎగువకు ఎదురీదేది. పిల్లలు ప్రవాహంతో కిందికి కొట్టుకొచ్చేవి. కట్ట పడ్డాక దిగువన ఉన్న పెద్ద చేపలు పైకి పోలేవు, పైన పుట్టి కిందికి వచ్చిన పిల్లలు పెద్దయ్యాక వెనక్కి రాలేవు. అంతకుముందు 1970లలో ఏటా టన్నుల కొద్దీ పట్టి తిన్నారు కూడా.

కట్టేటప్పుడు చేపల మాటే ఎవరికీ గుర్తు రాలేదని అనుకోకండి. గుర్తొచ్చింది, దాని మీద వాదోపవాదాలూ నడిచాయి. చివరికి చేపలదారి అక్కర్లేదని, చైనా స్టర్జన్ అనే మరో చేపను హేచరీలో పుట్టించి నదిలో వదిలితే సరిపోతుందని తేల్చారు. స్టర్జన్ కొంతకాలం కట్ట కిందే గుడ్లు పెట్టింది కూడా. ఏనుగు చేపకు ఆ అదృష్టం లేదు. హేచరీ పెడదామన్నా ఆడా మగా చేతికి చిక్కాలిగా! 2002 డిసెంబరులో నాన్‌జింగ్‌లో దొరికిన ఏనుగు చేప నెల తిరక్కుండానే చచ్చిపోయింది.

చట్టాలకు మాత్రం లోటు లేదు. 1989లో ఈ చేపను మొదటి శ్రేణి రక్షిత జంతువుల జాబితాలో చేర్చారు. 2000లో ఎగువ యాంగ్‌జీలో అరుదైన చేపల కోసం జాతీయ రక్షిత ప్రాంతం ప్రకటించారు. 2005లో యాంగ్‌జీ ఎగువ భాగమైన జిన్షా నది మీద కొత్త ఆనకట్టలకు చోటివ్వడానికి ఆ ప్రాంతం హద్దులే మార్చేశారు. చేప కోసం గీసిన గీతను కట్ట కోసం జరిపారు. దీన్ని రక్షణ అనడానికి నాకు నోరు రావడం లేదు.

1981 నుంచి 2003 వరకు ఈ చేప కనిపించినట్టు నమోదైన సందర్భాలు 210. 2017, 2018లలో నదంతా వెతికితే 332 రకాల చేపలు దొరికాయి, వాటిలో ఇది లేదు. పరిశోధకుల లెక్క ప్రకారం 1993 నాటికే ఈ జాతి తనను తాను నిలబెట్టుకునే శక్తి పోగొట్టుకుంది. అంటే యిబిన్‌లో కుట్లు వేయించుకున్న ఆ తల్లి, అప్పటికే ముగిసిపోయిన వంశానికి మిగిలిన మనిషిలాంటిది. 2021 జనవరి 1 నుంచి యాంగ్‌జీలో పదేళ్ళ చేపలవేట నిషేధం మొదలైంది. మరుసటి ఏడాది, 2022 జులైలో, ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఏనుగు చేప అంతరించిందని ప్రకటించింది. అదే రోజు యాంగ్‌జీ స్టర్జన్ సహజ నీళ్ళలో లేదని తేల్చింది. చైనా స్టర్జన్‌ను లక్షల్లో వదులుతున్నా, 2017 తర్వాత నదిలో అది గుడ్లు పెట్టిన ఆనవాళ్ళు లేవు.

మన గోదావరిలో పులస కూడా వరదకు సముద్రం నుంచి ఎదురీదే చేపే. ధవళేశ్వరం దగ్గర కట్ట దానికి కొత్త కాదు. పైన పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం ఒక దారి పెట్టారు. మంచిదే. అయితే ప్రతి వరద సీజన్‌లో ఆ దారి ఎన్ని పులసలు ఎక్కాయో లెక్క కట్టి, ఆ లెక్కను జాలర్ల ముందు, మన ముందు పెట్టాలి. ఆ లెక్క అడగండి, ఇప్పుడే.