నిప్పుల పక్కన మూడు ప్రశ్నలు

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మనం గలిలయ సముద్రపు ఒడ్డున నిలబడి ఉన్నాం. సముద్రమని పేరేగానీ ఇది మంచినీటి సరస్సు, పొడవు సుమారు 21 కిలోమీటర్లు. తూర్పు కొండల వెనుక ఆకాశం ఇప్పుడిప్పుడే తెలుపెక్కుతోంది. పస్కా పండుగ దాటి కొద్దిరోజులే అయింది.

నీళ్ల మీద ఒక పడవ, అందులో యేసు శిష్యులు ఏడుగురు. వలలు అవిసె నారవి. పగటి వెలుగులో చేపలు వాటిని పసిగడతాయి, అందుకే వేట రాత్రిపూట. రాత్రంతా వేశారు, తీశారు. ఒక్క చేపా పడలేదు.

వేటకు పోతున్నానని ముందుగా లేచింది పేతురు. అందరూ విడిచిపోయినా నేను విడువనని ప్రభువుకు మాట ఇచ్చినవాడు. ఆ మాట ఇచ్చిన రాత్రే యెరూషలేములో ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ, ఆయనెవరో తెలియదని ముమ్మారు బొంకినవాడు. కోడి కూయగానే బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. తరువాత, చనిపోయి తిరిగి లేచిన ప్రభువును చూశాడు, సంతోషించాడు. ఆ బొంకు సంగతి మాత్రం శిష్యుల మధ్య ఇంకా ఎవరూ ఎత్తినట్టు సువార్తల్లో లేదు.

ఒడ్డు నుంచి ఎవరో కేక వేశారు, పడవకు కుడిపక్కన వల వేయమని. వేశారు. వల బరువెక్కింది, లాగడం ఏడుగురి తరం కావడం లేదు. ప్రభువేనని యేసు ప్రేమించిన శిష్యుడు అన్నాడో లేదో, పేతురు పైబట్ట చుట్టుకుని నీళ్లలోకి దూకేశాడు. ఒడ్డు ఇంకా 200 మూరల దూరం.

ఇక్కడ బొగ్గులు రగులుతున్నాయి. పైన పలచని బూడిద, కింద ఎర్రని నిప్పు. వాటి మీద చేప కాలుతోంది. చర్మం చిట్లి, కొవ్వు బొట్లు నిప్పుల్లో పడి చుయ్యిమంటున్నాయి. పక్కనే రొట్టె. పేతురు తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. ఆ రాత్రి ముంగిట రగిలినవీ ఇలాంటి బొగ్గులే. అది అతను మరిచిపోయి ఉంటాడా?

వల ఒడ్డుకు చేరింది. 153 పెద్ద చేపలు. ప్రభువు అందరినీ భోజనానికి పిలిచి, రొట్టె తానే పంచాడు. అలసినవారి ఆకలి ముందు తీర్చాడు.

అందరూ తిన్నాక పేతురు వైపు తిరిగాడు. ఎందుకు బొంకావని నిలదీయలేదు. ఇకపై అలా చేయనని ఒట్టు వేయించుకోలేదు. తనను ప్రేమిస్తున్నావా అని మాత్రం అడిగాడు, మూడుసార్లు. మూడోసారికి పేతురు మనసు చివుక్కుమంది. పుండు కడగకుండా కట్టు కట్టే వైద్యుడు ఉండడు కదా! అతని జవాబులో పాత గొప్పలు లేవు. తన ప్రేమ సంగతి ప్రభువుకే తెలుసన్నాడు. జవాబు చెప్పిన ప్రతిసారీ ప్రభువు తన గొర్రెల బాధ్యత అతని చేతికే అప్పగించాడు.

కృప అంటే ఇదే. తప్పును దాచలేదు, తప్పు చేసినవాణ్ణి వదులుకోలేదు. క్షమించి మూల కూర్చోబెట్టకుండా, నమ్మి పని ఇచ్చింది. కొన్ని వారాలకే పెంతెకొస్తు దినాన, అదే యెరూషలేములో, ప్రధాన యాజకుని ఇంటి పనిపిల్ల ముందు తడబడ్డ పేతురు నోరే వేలమంది ముందు యేసును ప్రకటించింది. ఆ రోజు సుమారు 3,000 మంది బాప్తిస్మం పొందారు.

పడిపోయానని ప్రభువు బల్లకు లేవకుండా వెనక వరుసలో తల దించుకున్న సహోదరుడా, సహోదరీ, నీ తప్పు తెలిసే ఆయన నిన్ను పిలుస్తున్నాడు. సంఘ పెద్దలారా, అలాంటివారు మీ మధ్య ఉంటే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. నిజం మాట్లాడుకోండి. ఆ తరువాత వారి చేతికి మళ్లీ పని ఇవ్వండి.