పాత చైన్‌సా కొనేముందు దాని కంపెనీ కథ అడగండి



మొన్న ఎండకాలం గాలిదుమారానికి మా చేను గట్టు మీది పెద్ద చింతచెట్టు కూలి పశువుల కొట్టం మీద పడ్డది. ఎడ్లు బయట కట్టేసి ఉండబట్టి బతికినయి. చెట్టు కోసెటోన్ని పిలుద్దామంటే నాలుగు దినాలు ఎవరూ దొరకలే. అది చూసి మా మేనల్లుడు, "మామా, నేనే ఒక పాత మిషన్ కొంట. మనది మనం కోసుకోవచ్చు, సెలవు దినాలల్ల కిరాయికి పోవచ్చు" అన్నడు. వాడు ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టు పని చేస్తడు. చేతిలో పైసలు లేవు. భార్య కమ్మలు కుదువబెట్టి పన్నెండు వేలు తెచ్చిండు.

వాని ముందర రెండు పాత మిషన్లు ఉన్నయి. ఒకటి పేరున్న జర్మనీ కంపెనీది, పన్నెండు వేలు. ఇంకోటి చైనా 58 సీసీ, మూడున్నర వేలు. "ఏది తీసుకోమంటవ్ మామా? పేరున్నదైతే మళ్ల అమ్మినా పైసలొస్తయి గదా?" అని అడిగిండు.

నేను వెంటనే జవాబు చెప్పలే. ఎందుకంటే ఆరేండ్ల కింద ఇదే మాట నమ్మి నేను పదకొండు వేలు పోగొట్టుకున్న. పైన డబ్బా మీద పెద్ద కంపెనీ పేరు, ఆరంజి తెలుపు రంగు. పదిహేడో రోజు జామాయిల్ కోస్తుంటే ఇంజన్ పట్టేసింది. మెకానిక్ విప్పి చూసి నవ్విండు. పేరొక కంపెనీది, లోపల ఇంజన్ ఇంకెవరిదో. అమ్మినోడు మళ్ల ఫోన్ ఎత్తలే. అప్పటినుంచి ఈ మిషన్ల సంగతి మెకానిక్‌లను అడిగి, చదివి తెలుసుకుంటున్న. అదే మీకు చెప్తున్న.

చైన్‌సా మన ఊర్లకు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నా చిన్నతనంలో చెట్టు కొట్టాలంటే గొడ్డలి, దూలం కోయాలంటే ఇద్దరు ఆ పక్క ఈ పక్క నిలబడి గుంజే రంపం. మన సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దిక్కు మొదలైంది. అప్పటినుంచి ఎన్నో ఏండ్లు భూమి లోపల పైకప్పును నిలబెట్టింది అడవి కట్టెనే. మా చిన్నాయిన బెల్లంపల్లిలో టింబర్‌మన్ చేసిండు. దిమ్మె కొలిచి, కోసి, పైకప్పు కింద బిగించుడు ఆయన పని. "కట్టె విరిగే ముందర కిర్రుమని చెప్తదిరా, ఉరికి బతకొచ్చు" అనేటోడు. తర్వాత ఇనుప ప్రాపులు, రూఫ్ బోల్టులు వచ్చినయి. ఆయన రంపం ఇంకా మా ఇంట్లో ఉన్నది. దానికి రిపేరు అంటే ఆకురాయి ఒక్కటే. ఎవడు చేసిండో, ఆ కంపెనీ ఉన్నదో లేదో దానికి అవసరం లేదు.

మిషన్ అట్ల కాదు. దాన్ని పుట్టించిన కంపెనీ బతికి ఉంటేనే అది బతుకుతది. నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఇగ కథకు వద్దాం.

మనం ఆరంజి మిషన్ అని పిలిచే స్టిల్ కంపెనీని ఆండ్రియాస్ స్టిల్ అనే ఇంజనీరు 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పెట్టిండు. మొదటి మిషన్ కరెంటుది, 64 కిలోలు, ఇద్దరు పట్టాలె. 1929లో పెట్రోల్‌ది వచ్చింది, అది 46 కిలోలు. ఒక్క మనిషి పట్టుకునే పెట్రోల్ మిషన్ వాళ్ల దగ్గర 1950లో గానీ తయారు కాలే, అదీ 16 కిలోలు. అంటే దాదాపు ఒకటిన్నర యూరియా బస్తాలంత బరువు నుంచి మొదలై మనిషి భుజానికి వచ్చేసరికి పాతికేండ్లు పట్టింది. 1959లో గేర్లు లేకుండ ఇంజన్ నుంచి సీదా చైన్ తిరిగే 'కాంట్రా' వచ్చింది, 12 కిలోలు. సరిగ్గా అదే ఏడాది స్వీడన్ నుంచి హస్క్‌వర్నా తన మొదటి చైన్‌సా తెచ్చింది. ఈ హస్క్‌వర్నా 1689లో తుపాకులు చేసే కార్ఖానాగా మొదలైంది. కుట్టుమిషన్లు, సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు చేసినంకనే రంపానికి వచ్చింది.

ఇంజన్ ఒక్కటే ఉంటే సరిపోదు, పన్ను గూడ కావాలె. మొదట్లో చైన్ పండ్లు చేతి రంపం పండ్ల లెక్కనే ఉండేవి, ఊకె మొద్దుబారేవి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే కట్టెలు కొట్టే మనిషి 1946లో ఒక మొద్దులో పురుగు చూసిండు. అది కట్టెను అడ్డంగ, నిలువుగ ఇష్టమొచ్చినట్టు తొలుచుకుంట పోతున్నది. దాని దవడలు కుడికి ఎడమకు వంగి ఉన్నయి. అదే పోలికతో చైన్ పన్ను చేసిండు. ఇయ్యాల దుకాణాల్లో ఒరెగాన్ చైన్ అని అమ్మేది ఆయన పెట్టిన కంపెనీ నుంచి వచ్చినదే. మనం మామిడికొమ్మలో తిట్టుకునే తొలుచు పురుగు లాంటిదే ఒకటి ప్రపంచానికి రంపం నేర్పింది.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలో మెకల్లక్ అని ఒక కంపెనీ ఉండేది. 1949 ప్రాంతంలో 25 పౌండ్లు, అంటే మన లెక్కన 11 కిలోల మిషన్ తెచ్చి మార్కెట్‌ను ఊపేసింది. దాని యజమాని రాబర్ట్ మెకల్లక్ దగ్గర ఎంత డబ్బు చేరిందంటే, 1968లో లండన్‌లోని పాత లండన్ బ్రిడ్జినే కొని, రాయికి రాయి విప్పించి అమెరికా ఎడారిలో మళ్ల కట్టించిండు. అట్లాంటి కంపెనీ 1999లో దివాలా తీసింది. పేరు ఇప్పుడు హస్క్‌వర్నా చేతిలో ఉన్నది. పాత మెకల్లక్ ఇంజన్లు గట్టియే, ఇప్పటికీ నడిచేవి ఉన్నయి. కానీ ఒక చిన్న పార్టు పోతే ఇంకో చచ్చిన మిషన్ విప్పి తీసుకోవాలె.

జర్మనీదే డోల్మార్ ఇంకో ఉదాహరణ. 1927 నుంచి పెట్రోల్ చైన్‌సాలు చేసిన పాత కంపెనీ. 1991లో జపాన్ మకీటా చేతికి పోయింది. ఆ మకీటా బ్యాటరీ మిషన్ల మీద పడి 2022లో పెట్రోల్ మిషన్ల తయారీ బంద్ చేసింది. ఇంజన్ మంచిదే, కానీ పదేండ్ల తర్వాత పార్టు సంగతి ఎట్ల అని కొనెటోడు ఇప్పటినుంచే ఆలోచిస్తడు. ఆ ఆలోచనే ధర తగ్గిస్తది.

ఇది మనకు కొత్త కాదు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ గుర్తున్నదా? ఆ ఇంజన్‌ను ఇప్పటికీ మెచ్చుకునే రైతులు ఉన్నరు. 2016లో ఆ ట్రాక్టర్ల యూనిట్ మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. బండి అదే, ఇనుము అదే, దున్నుడు అదే. కానీ అమ్మబోతే అడిగేటోడు "పార్టులు దొరుకుతయా?" అనే అడుగుతడు.

మరి చైనా మిషన్ల సంగతి? ఇక్కడ ఒక తమాషా ఉన్నది. 45, 52, 58 సీసీ అని రకరకాల పేర్లతో వచ్చేవాటిలో చానా మటుకు మూలం ఒక్కటే. జపాన్ జెనోవా కంపెనీ పాత డిజైన్‌ను చూసి చేసిన నకళ్లు. ఆ జెనోవాను 2007లో హస్క్‌వర్నా కొన్నది. పైన ఏ పేరున్నా లోపల పార్టులు చానా వరకు ఒకదానికొకటి సరిపోతయి. కార్బొరేటర్, కాయిల్, పిస్టన్ సెట్టు చౌకగ దొరుకుతయి. అందుకే చైనాది అని కొట్టిపారెయ్యొద్దు. దాని కష్టం వేరే ఉన్నది. కొత్తదే చౌకగ దొరుకుతుంటే పాతది ఎవడు కొంటడు? అందుకే మళ్ల అమ్మితే విలువ ఉండదు.

ఒక లెక్క వేసుకుందాం. పన్నెండు వేలకు కొన్న మంచి పాత మిషన్ ఐదేండ్లు నడిపి ఏడు వేలకు అమ్మినవనుకో, ఏడాదికి వెయ్యి అరిగినట్టు. ఆరు వేల కొత్త చైనా మిషన్ కిరాయి పనికి రెండేండ్లు నడిపి వెయ్యికి అమ్మితే, ఏడాదికి రెండున్నర వేలు అరిగినట్టు. అదే ఏడాదికి నాలుగు దినాలు పొయిల కట్టెలు కోసుకునెటోనికి చైనాదే చాలు. పనిని బట్టి మిషన్.

పేరున్న కంపెనీలో గూడ రెండు జాతులు ఉంటయని మర్వొద్దు. ఎంఎస్ 170, 180, 250 లాంటివాటిలో ఇంజన్ గట్టి ప్లాస్టిక్ బాడీలో కూర్చుంటది. ఇంటి పనికి, తోట పనికి చేసినవి. ఎంఎస్ 382 లాంటిది 72 సీసీ, మెగ్నీషియం బాడీ, రోజంతా అడవి పని కోసం చేసినది. పెద్దదాని ధర చూపించి చిన్నదాన్ని అమ్మేటోళ్లు ఉంటరు.

పాతది కొనేటప్పుడు నేను చూసేవి ఇవి.

మొదటిది, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలె. ముందే వేడి చేసి పెడితే అనుమానించాలె.

రెండోది, బంద్ ఉన్న మిషన్‌ను స్టార్టర్ తాడు పిడి పట్టి లేపాలె. కంప్రెషన్ ఉంటే మెల్లగ, ఆగి ఆగి కిందికి దిగుతది. సర్రున జారితే లోపల అరిగినట్టు.

మూడోది, సైలెన్సర్ విప్పి టార్చి వేసి పిస్టన్ చూడాలె. నునుపుగ ఉంటే మంచిది. నిలువు గీతలు ఉంటే ఆయిల్ తక్కువై కాలింది. విప్పనీయనోని దగ్గర కొనొద్దు.

నాలుగోది, చైన్ బ్రేకు. రంపం కొన కట్టెకు తగిలితే మిషన్ ఒక్కసారి మొఖం మీదికి ఎగురుతది. అప్పుడు కాపాడేది ఆ బ్రేకే. అది పని చెయ్యకపోతే ఊకెనే ఇచ్చినా నడపొద్దు.

ఐదోది, అది ఏ కంపెనీదైనా మంచిర్యాల, గోదావరిఖని లాంటి దగ్గరి టౌన్‌లో పార్టు దొరుకుతదా, విప్పి బిగించెటోడు ఉన్నడా అని ముందే అడగాలె.

ఇగ ఆయిల్ సంగతి. పాత టీవీఎస్ బండి కాలం నుంచి, తైవాన్ పంపు దాకా 2టి కలుపుడు మనకు తెలుసు. అయినా అందాజతో పోస్తం. కంపెనీ ఆయిల్ అయితే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలు, చానా చైనా మిషన్ల పుస్తకంలో 40 మిల్లీలు అని ఉంటది. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి వస్తున్నది, అది తేమను గుంజుకుంటది. వానకాలం మిషన్ మూలకు పెట్టేముందర ట్యాంకు ఖాళీ చేసి, ఉన్న పెట్రోల్ అయిపోయేదాక నడిపి ఆపాలె. పాత మిషన్ ఎన్నేండ్లు నడుస్తదన్నది సగం కంపెనీ చేతిలో, సగం పాత యజమాని ఆయిల్ సీసాలో ఉంటది.

మా మేనల్లుని కథ ఏమైందంటే, ఇద్దరం పోయి ఆ పన్నెండు వేల మిషన్ సైలెన్సర్ విప్పించినం. పిస్టన్ మీద నిలువు గీతలు. "అవి మామూలే" అన్నడు అమ్మెటోడు. వచ్చేసినం. చైనాదానికి బ్రేకు లేదు, అదీ వదిలేసినం. పిల్లగానికి కోపం వచ్చింది. ఇరవై దినాలు తిరిగినంక చెన్నూరు దిక్కు ఒక రైతు దగ్గర ఎంఎస్ 250 దొరికింది. తొమ్మిదేండ్లది, రంగు వెలిసిపోయింది. కానీ బిల్లు దాచిపెట్టిండు, ఆయిల్ కొలిచే సీసా మిషన్ పక్కనే ఉన్నది. ఎనిమిదిన్నర వేలకు ఇచ్చిండు. మిగిలిన పైసలతో కొత్త చైన్, స్ప్రాకెట్, కండ్లద్దాలు కొన్నం.

మొదట కోసింది మా చింతమొద్దునే. పొడుగ్గ ఉన్న చిన్న మిషన్ కాబట్టి మెల్లగ, రెండు దినాలు కోసిండు. గుండ్రంగ కోసిన మొద్దులను మటన్ కొట్టోళ్లు కొనుక్కపోయిండ్రు. కమ్మలు ఇంకా విడిపించలే, సంక్రాంతి లోపల విడిపిస్త అంటున్నడు. ఒకటి మాత్రం వానికి గట్టిగ చెప్పిన: పొలంలోదైనా సరే, వాల్టా చట్టం కింద పర్మిషన్ లేని చెట్టు మీద మిషన్ పెట్టొద్దు.

మీ దగ్గర పాత మిషన్ ఉంటే, ఏ కంపెనీది, ఎన్నేండ్లు నడిచింది, మొదట పోయిన పార్టు ఏది అన్నది రాయండి. కొనబోయే ఇంకో పిల్లగానికి అది పనికొస్తది.