వ్యక్తిగత ఫైళ్ళ బ్యాకప్

కంప్యూటరులోని ఫైళ్ళకు నకళ్ళు తీసి, వేరొక చోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. అసలు ఫైలు పాడైనప్పుడు నకలు నుండి దానిని తిరిగి పొందవచ్చు. ఆపరేటింగ్ సిస్టమును, సాఫ్టువేరును మళ్ళీ స్థాపించుకోవచ్చు. కుటుంబ ఛాయాచిత్రాలు, సొంత రచనలు పోతే మరల లభించవు. కనుక వ్యక్తిగత బ్యాకప్‌లో వీటికే ప్రాధాన్యం.

ఫైళ్ళు పోవడానికి కారణాలు

హార్డు డిస్కు చెడిపోవడం, పొరపాటున తొలగించడం, దొంగతనం, హానికర సాఫ్టువేరు, ప్రకృతి వైపరీత్యాలు ముఖ్య కారణాలు. చివరి రెండింటికీ చిత్తూరు జిల్లాలో ఉదాహరణలు ఉన్నాయి.

* వాన్నాక్రై: 2017 మే 12న మొదలైన ఈ దాడి సుమారు 150 దేశాలకు వ్యాపించింది. ఇది విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్ళను తెరవడానికి వీలులేకుండా గూఢలిపిలోకి మార్చి, విడుదలకు బిట్‌కాయిన్లలో సొమ్ము కోరేది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల పోలీసు విభాగాల్లోని కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఇటువంటి సాఫ్టువేరు కంప్యూటరుకు తగిలించి ఉంచిన బయటి డిస్కులోని నకళ్ళను కూడా పాడుచేయగలదు. అందుచేత బ్యాకప్ పూర్తికాగానే డిస్కును వేరుచేయాలి.
* వరదలు: 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు, అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుపతి నగరంలో లోతట్టు కాలనీలు నీట మునిగాయి. ఇంట్లోకి నీరు చేరితే కంప్యూటరు, అదే గదిలోని బ్యాకప్ డిస్కు రెండూ ఒకేసారి పాడవుతాయి.

3-2-1 సూత్రం

ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం ప్రకారం అసలుతో కలిపి 3 ప్రతులు ఉండాలి. వాటిని 2 రకాల మాధ్యమాలపై ఉంచాలి. 1 ప్రతి ఇంటి బయట ఉండాలి. బయటి ప్రతిని వేరే ఊరిలోని బంధువుల ఇంట గానీ, అంతర్జాలంలోని నిల్వ సేవలో గానీ ఉంచవచ్చు.

రకాలు

* పూర్తి బ్యాకప్: ఎంచుకున్న ఫైళ్ళన్నిటికీ ప్రతిసారీ నకలు తీస్తారు. స్థలం, సమయం ఎక్కువ పడతాయి.
* ఇంక్రిమెంటల్ బ్యాకప్: గత బ్యాకప్ తరువాత మారిన ఫైళ్ళకే నకలు తీస్తారు. పునరుద్ధరణకు చివరి పూర్తి బ్యాకప్, దాని తరువాతివన్నీ అవసరం.

తెలుగు ఫైళ్ళు

అను వంటి యూనికోడేతర ఖతులలో టైపు చేసిన పాత ఫైళ్ళు ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాలుగా కనిపిస్తాయి. వీటితోపాటు ఖతులను కూడా భద్రపరచాలి, లేదా పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చి ఉంచాలి.

జాగ్రత్తలు

* రెండు పరికరాల్లోని ఫైళ్ళను సమానంగా ఉంచే సింక్ సేవ ఒక్కటే బ్యాకప్ కాదు. ఒకచోట తొలగించిన ఫైలు రెండవచోట కూడా తొలగిపోతుంది.
* అప్పుడప్పుడు కొన్ని ఫైళ్ళను నకలు నుండి తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే.