ఒకే ఒరలో రెండు కత్తులు: గవర్నర్ నియామకంపై రాజ్యాంగ సభ మనసు మార్చుకున్న తీరు

భారత రాజ్యాంగంలోని 155వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. గవర్నరును రాష్ట్రపతి తన సంతకం, ముద్ర ఉన్న ఉత్తర్వుతో నియమిస్తారని చెప్పి ఊరుకుంటుంది. ముఖ్యమంత్రిని సంప్రదించాలన్న ఊసే అందులో లేదు. అది పొరపాటున మిగిలిపోయిన ఖాళీ కాదు. రాజ్యాంగ సభ తెలిసే సంప్రదాయానికి వదిలిపెట్టిన జాగా అని ఈ వ్యాసం వాదన.

సభ మొదట అనుకున్న దారి వేరు. సర్దార్ పటేల్ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల రాజ్యాంగ కమిటీ, గవర్నరును వయోజన ఓటుతో ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని సిఫారసు చేసింది. 1947 జూలైలో సభ సరేనంది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద తెల్లదొరల గవర్నర్లతో వేగినవాళ్లకు ఆ మాట రుచించడంలో వింత లేదు.

చిక్కు ముసాయిదా రాసేటప్పుడు బయటపడింది. శాసనసభకు జవాబుదారీగా ఉండే ముఖ్యమంత్రి ఒకవైపు, రాష్ట్రమంతా ఓటేసి గెలిపించిన గవర్నర్ మరోవైపు. ఒకే ఒరలో రెండు కత్తులు. అందుకే 1948 ఫిబ్రవరి నాటి ముసాయిదా రెండు దారులు చూపింది: నేరుగా ఎన్నిక, లేదా శాసనసభ ఎన్నుకున్న నలుగురి జాబితా నుంచి రాష్ట్రపతి ఒకరిని నియమించడం. దేశ విభజన, సంస్థానాల గొడవలే సభను కేంద్రం వైపు నెట్టాయని చాలామంది రాస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ నా దృష్టిలో అసలు కారణం పార్లమెంటరీ పద్ధతి స్వభావంలోనే ఉంది.

1949 మే 31న సభ ఆ రెండింటినీ పక్కనపెట్టి, బ్రజేశ్వర్ ప్రసాద్ తెచ్చిన సవరణ ప్రకారం నేరు నియామకానికి ఓటేసింది. ఒరిస్సా మాజీ ప్రధాని (నేటి లెక్కన ముఖ్యమంత్రి) బిశ్వనాథ్ దాస్ వంటివారు వ్యతిరేకించారు. అంబేడ్కర్ మాత్రం, ఇంత అలంకారప్రాయమైన పదవికి ఎన్నిక ఖర్చు దేనికన్నట్టు మాట్లాడారు.

ఆనాటి ప్రసంగాల్లో తెలుగువారు ఆగి చదవాల్సింది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ది. నెల్లూరు సీమ పూడూరులో పుట్టిన ఈ న్యాయకోవిదుడు కెనడా పద్ధతిని ఆదర్శంగా చూపి, నియామకాన్నే సమర్థించారు. అయితే రాష్ట్ర మంత్రివర్గం సలహా తీసుకునే ఆనవాయితీ కేంద్రంలో క్రమంగా పాదుకుంటుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని అధికరణంలోకి ఎక్కించలేదు. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన రెండు రోజులకే, 1953 అక్టోబరు 3న, ఆయన కన్నుమూశారు.

ఆనవాయితీకే వదిలేసిన చోట, కేంద్రం నియమించిన గవర్నర్ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఎంతవరకు తోసిపుచ్చగలరో 1984 ఆగస్టు 16న హైదరాబాద్ రాజ్‌భవన్‌లో తేలింది. కేంద్రంలో కాంగ్రెస్, రాష్ట్రంలో తెలుగుదేశం. హిమాచల్‌లో కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా చేసి వచ్చిన గవర్నర్ రామ్‌లాల్, శాసనసభలో బలం చూపిస్తానన్న ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుకు ఆ అవకాశం ఇవ్వకుండానే ఆయన్ను పదవి నుంచి తప్పించి, తెలుగుదేశంలోనే తిరుగుబాటు చేసిన నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఊరూరా నిరసనలు లేచాయి. రామ్‌లాల్ స్థానంలోకి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

గవర్నర్ నియామకంలో ముఖ్యమంత్రిని సంప్రదించే విధానాన్ని 155లోనే రాయాలని తరవాత కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ సిఫారసు చేసింది. అల్లాడి ఆనవాయితీకి విడిచిన మాటే అది. ఆ సవరణ నేటికీ జరగలేదు.