కార్ఖానా ఊళ్ల మ్యూజియాలు

ఫ్రాన్సులో బుర్గుండీ ప్రాంతంలోని లె క్రూజో ఇనుము, ఉక్కు మీద బతికిన ఊరు. 1836లో ష్నైడర్ సోదరులు అక్కడి ఇనుప కార్ఖానా కొన్నారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఊరంతా ఆ కుటుంబం చెప్పుచేతల్లోనే నడిచింది. ఇల్లు, బడి, ఆసుపత్రి అన్నీ కంపెనీ చలవే. 1838లో లా జిరోంద్ అనే ఆవిరి రైలింజన్ అక్కడే తయారైంది. 1877లో నిలబెట్టిన వంద టన్నుల ఆవిరి సుత్తి ఇవాళ్టికీ ఊరి పొలిమేరలో కనిపిస్తుంది. అదే ఊళ్లో 1870లోనూ 1899లోనూ కార్మికులు పెద్ద సమ్మెలు చేశారు. 1960లో షార్ల్ ష్నైడర్ పోయాక కుటుంబం పట్టు సడలింది. ఒకప్పుడు ఫ్రాన్సు రాణిగారి గాజు కార్ఖానాగా వెలిగి, తర్వాత ష్నైడర్లకు నివాసమైన భవంతి పట్టణం చేతికొచ్చింది. దాన్ని ఏం చేయాలన్న ఆలోచనలోంచే 1970ల మొదట్లో ఒక కొత్త రకం మ్యూజియం పుట్టింది.

అంతకుముందు సంగతి వేరు. 1891లో స్టాక్‌హోంలో ఆర్తూర్ హజేలియస్ తెరిచిన స్కాన్సెన్‌లో పల్లె ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాత జీవితమంటే పల్లె జీవితమేనన్న భావన చాలాకాలం అలాగే ఉండిపోయింది. పొగగొట్టాన్నీ బొగ్గు గనినీ దాచుకోదగ్గ వస్తువులుగా చూసినవాళ్లు తక్కువే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఇంగ్లండులో కొందరికి దిగులు పట్టుకుంది. 1709లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించిన లోయలో, 1779 నాటి ఇనుప వంతెన ఉన్న చోట, 1967లో ఐరన్‌బ్రిడ్జ్ మ్యూజియం ట్రస్టు ఏర్పడింది. ఊరిని ఉన్నచోటే కాపాడుకోవచ్చని అది చూపించింది.

లె క్రూజోలో మ్యూజియం నిపుణులు మార్సెల్ ఎవ్రార్, యూగ్ ద వరీన్ ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడి ఉక్కు కొలిమి, పక్కనున్న మోంసో బొగ్గు గనులు, కాలువ, ఇటుక బట్టీ ఉన్న ప్రాంతమంతా, అంటే 16 ఊళ్లూ కలిసి, ఒకే మ్యూజియం అన్నారు. అందులోని వస్తువు ఎవరింట్లో ఉంటే అక్కడే ఉండొచ్చు. తాత వాడిన పనిముట్టును మనవడే భద్రపరుస్తాడు, అవసరమైనప్పుడు ప్రదర్శనకు తెస్తాడు. నడిపేందుకు మూడు కమిటీలు పెట్టారు: శాస్త్రజ్ఞులది ఒకటి, నిర్వాహకులది ఒకటి, వాడుకునేవాళ్లది, అంటే ఊరి జనానిది, ఇంకొకటి. నా దృష్టిలో ఈ మూడోదే అసలు సంగతి. ఏది దాచాలో, దాని గురించి ఏం చెప్పాలో నిర్ణయించడంలో కొలిమి దగ్గర నిలబడ్డ మనిషికి చోటు దొరికింది.

ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. 1984లో అక్కడి ఉక్కు కంపెనీ క్రూజో-లువార్ దివాలా తీసింది. వేలాది మంది ఉపాధి గాలిలో కలిసింది. నిన్నటిదాకా చేసిన పనిని ఇవాళ అద్దాల పెట్టెలో చూడమంటే ఎవరి మనసు ఒప్పుకుంటుంది? జనం భాగస్వామ్యం క్రమంగా తగ్గి, అది మామూలు మ్యూజియంలాగే మారిపోయింది. మానవశాస్త్రవేత్త ఒక్తావ్ దెబరీ 2002లో ఈ ఊరి మీద రాసిన పుస్తకం ఆ ముగింపు గురించే.

వేల్స్‌లోని బిగ్ పిట్ గని ఇంకో దారి పట్టింది. 1980లో మూతపడి, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడ గైడ్లుగా ఉన్నది ఆ గనుల్లో పనిచేసినవాళ్లే. దిగేముందు అగ్గిపెట్టె, లైటరు, బ్యాటరీ వాచీ అన్నీ అప్పగించాలి. గ్యాసు భయం ఇప్పటికీ నిజమే మరి. తలకు హెల్మెట్, నడుముకు బ్యాటరీ కట్టుకుని బోనులో 90 మీటర్లు దిగాక, గైడు అందరినీ దీపాలు ఆర్పమంటాడు. అప్పుడు మన చేయి మనకే కనిపించదు. ఆ చీకట్లో గుర్రాల గురించి, తలుపులు తీసే పనికి దిగిన పసిపిల్లల గురించి ఒక పాత కార్మికుడి గొంతే చెబుతుంది.

మనకూ ఇలాంటి అవకాశాలు వచ్చాయి. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఆ భూములు ప్లాట్లయ్యాయి. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. సింగరేణి మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి ఎన్ని తరాలు ఆ చీకట్లోకి దిగాయో! ఓపెన్‌కాస్టులు పెరిగి, భూగర్భ గనులు తగ్గిపోతున్నాయి. తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్టా పారతో, బొగ్గు టబ్బులు నింపిన కార్మికుల స్థానంలోకి యంత్రాలొచ్చాయి. ఆ తట్టను, ఆ చెమ్మస్‌ను, ల్యాంప్ రూం సామానును ఎప్పుడైనా సేకరించుకోవచ్చు. పైకప్పును కర్రతో తట్టి, మోతను బట్టి బండ వదులైందో లేదో చెప్పగల మనిషి మాత్రం ఎల్లకాలం దొరకడు. అలాంటివాళ్లు ఇల్లెందులో, కొత్తగూడెంలో, బెల్లంపల్లిలో ఇప్పుడు రిటైరై ఇంటిపట్టున ఉన్నారు. మ్యూజియం భవనానికి శంకుస్థాపన ఎప్పుడైనా చేసుకోవచ్చు. ముందు యూనియన్ ఆఫీసులో ఒక గది, ఒక రికార్డరు పెట్టి వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. ఏది దాచాలో వాళ్లనే చెప్పనివ్వాలి.