నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

గోదావరీనది ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠనుండి మరల వైనతేయ వేరుపడి కోనసీమ మీదుగా సముద్రమును చేరును. ఆ వైనతేయ తీరముననున్నది లంకల గన్నవరము. పందొమ్మిదవ శతాబ్దమున ఇటు ప్రయాణమన్నచో కాలినడక, పడవ. స్థోమత గలవారికి పల్లకి. ఏరు పొంగెనా, రేవు దాటుట నిలిచిపోవును. బాటసారి ఏ అర్ధరాత్రమునకో ఊరు చేరును. చేతిలో డబ్బున్నను ఆ వేళ అన్నము దొరకదు. సీతమ్మగారి అన్నదానము ఎంతటి అక్కరను తీర్చినదో ఈ దారుల నెరిగినవారికే బోధపడును.

ఆమె 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టువాడగుటచే ఊరివారాయనను బువ్వన్న అని పిలిచెడివారు. గన్నవరపు రైతు డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆమె ఆ యూరికి కాపురమునకు వచ్చిరి. అతిథికి వేళ చూడక వడ్డించుట ఆ ఇంటి వ్రతమయ్యెను. జోగన్నగారి పేరు అంతగా వినబడదు; కాని వండిన బియ్యము ఆయన పొలములో పండినవేయని మరువరాదు.

ఆ దంపతులకు నిధి దొరికినదనియు, అందుచేతనే అన్నదానము సాగినదనియు ఒక కథ కలదు. నమ్మువారు నమ్మవచ్చును. అయినను నిధి అన్నము వండదు గదా! మరలు లేని ఆ దినములలో వడ్లు దంచవలెను, చెరుగవలెను, నీరు మోయవలెను, కట్టెలు సమకూర్చవలెను. ఆరిన పొయ్యిని నడిరేయి మరల రాజవేయవలెను. ఇది ఒకనాటి పండుగ కాదు, దశాబ్దముల చాకిరి. ఆమె మహిమ యంతయు ఇందే కలదు.

సీతమ్మగారు భక్తురాలు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలపు కోరిక. ఇల్లు విడుచుటకు తీరిక చిక్కదు. ఎట్టకేలకొకనాడు పల్లకిలో బయలుదేరిరి. దారిలో బోయీలు పల్లకిని దించి అలసట తీర్చుకొనుచుండగా, ఎదురుగా ఒక కుటుంబము వచ్చుచుండెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. గన్నవరము దగ్గరపడినదనియు, సీతమ్మగారి ఇంట కడుపునిండ తినవచ్చుననియు పెద్దలు వారిని ఊరడించుచుండిరి. ఆ మాట చెవిని పడినంతనే ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట ప్రారంభించిరని గోదావరిసీమ వారు నేటికిని చెప్పుకొందురు. దర్శనము మానుకొన్నదని కొందరనవచ్చును. ఆమె మాత్రము స్వామి ఎదురు వచ్చినాడనియే తలచియుండును.

మడి ఆచారములను కఠినముగా పాటించు కాలమది. ఆమెది బ్రాహ్మణ గృహము. ఆకలిగొన్నవాని కులము అడుగుట ఆ గడపలో లేదని ప్రతీతి. నేడు ఈ మాట తేలికగా తోచవచ్చును గాని, నాడు బంధువుల యెదుట, పురోహితుల యెదుట ఇట్లు నిలుచుటకు ఎంతటి గుండె కావలెను!

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున దొరతనమువారు ఆమె ఛాయాచిత్రమును కోరగా, ఆమె ససేమిరా అనిరట. అది పంపనిచో అధికారి ఉద్యోగమునకు ముప్పు కలుగునని విన్న పిదపనే సమ్మతించిరని చెప్పుదురు. కీర్తికి లొంగని మనిషి ఒకని కూటికొరకు లొంగెను.

1909 ఏప్రిల్ 28న ఆమె కన్నుమూసిరి. గన్నవరమువద్ద వైనతేయపై కాలువ నీటిని దాటించు క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టబడినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే ఉంచినది.