కారం మరచిన మిరప

మా ఎల్లారెడ్డి వైపు దానిని ‘సిమ్లా మిర్చి’ అంటాం. కోస్తా మిత్రులు ‘బెంగుళూరు మిరపకాయ’ అంటారు. ఆకారాన్ని చూసి ‘బుంగ మిరప’ అనేవారూ ఉన్నారు. మూడు పేర్లలో రెండు పరాయి ఊళ్ళవే. ఒక కూరగాయను పొరుగూరి పేరుతో పిలుస్తున్నామంటే, అది మన మట్టిలో పుట్టలేదని, ఎవరో తెచ్చి పెట్టారని మనం లోలోపల ఒప్పుకుంటున్నట్లే గదా! ఆ తెచ్చినవారెవరు, తెచ్చి ఏమి చేశారు అన్న కుతూహలమే నా చేత ఈ వ్యాసం వ్రాయించింది. కుతూహలానికి కారణం మా పెరట్లో జరిగిన చిన్న అవమానం.

2009లో కామారెడ్డి అంగడిలో కొన్న క్యాప్సికం కాయల్లో ఒకటి వంటింటి మూలన మిగిలిపోయి ఎర్రగా పండింది. దాని గింజలు తీసి, ఆరబెట్టి, మా అమ్మ మిరప మడి పక్కనే నారు పోశాను. మొక్కలు బాగానే లేచాయి గాని, కాయలు ఒక్క పోలికలో లేవు. ఒక మొక్కకు నాలుగు పలకల బుంగకాయలు, మరొకదానికి కొసదేరిన పొడుగు కాయలు, ఇంకొకదానికి నిమ్మకాయంతటివి. ఉన్నవాటిలో మంచి కాయ చూసి మళ్ళీ విత్తనం దాచాను. మరుసటి ఏడు ఆ విత్తనపు మొక్కల కాయలతో అమ్మ కూర వండింది. మొదటి ముద్దకే ఇంటిల్లిపాదికీ కళ్ళవెంట నీళ్ళు. “సిమ్లా మిర్చి అని చెప్పి గిదేం పెట్టినవ్‌రా?” అని అమ్మ అడిగింది. ఆనాడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి.

మిరప మన దేశానికి పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. దాని పుట్టినిల్లు మెక్సికో. అంతకు ముందు మన వంటల్లో కారమంటే మిరియమే. మనకు తెలిసిన పచ్చిమిర్చి, వరంగల్లు ఎండుమిర్చి, సిమ్లా మిర్చి ఇవన్నీ వృక్షశాస్త్రం లెక్కన ఒకే జాతి. శాస్త్రీయ నామం క్యాప్సికం యాన్యువం. కారపు మిరపకూ తీపి మిరపకూ మధ్య గోడ ఏమీ లేదు. తేనెటీగ ఒక పువ్వు మీద నుండి మరొక పువ్వు మీదకు వాలితే చాలు, రెండూ కలిసిపోతాయి.

కారానికి మూలం క్యాప్సైసిన్ అనే పదార్థం. చాలామంది గింజలో కారం ఉంటుందనుకుంటారు. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెలలో. తీపి మిరపలో ఆ తయారీ జరగదు. ఈ గుణం వంశపారంపర్యంగా ఎట్లా దిగుతుందో అమెరికాలో వెబ్బర్ 1912 నాటికే చూపించాడు. మన దేశంలో ఆర్.బి. దేశ్‌పాండే 1935లో భారతీయ మిరపల మీద వెలువరించిన పరిశోధనా అదే చెప్పింది. కారాన్ని ఒకే ఒక జన్యువు శాసిస్తుంది, కారమే బలమైన గుణం, కారం లేకపోవడం అణగి ఉండే గుణం. కారపు మిరపనూ తీపి మిరపనూ కలిపితే పుట్టే తొలి తరమంతా కారమే. 2005లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ జన్యువునే పట్టుకున్నారు. బుంగ మిరపలో దానిలోని పెద్ద ముక్క ఒకటి తెగి పోయి ఉంది. అంటే తీపి మిరపలో ఎవరూ తీపిని చేర్చలేదు. ఉన్నదొకటి పోయింది, అంతే. ఎప్పుడో, ఏ తోటలోనో, ఒక మొక్క కారం మరచిపోయింది. ఆ మరపు మనిషికి నచ్చి, గింజ దాచుకున్నాడు.

మా పెరటి అవమానం ఇప్పుడు విడిపోయింది. నేను అంగడిలో కొన్నది సంకర రకపు కాయ. దాని గింజలు నాటితే తాతముత్తాతల పోలికలన్నీ విడివిడిగా బయటపడతాయి. అందుకే ఆ ఆకారాల జాతర. ఆ ఏడు అమ్మ మిరప మడి నుండి పుప్పొడి వచ్చి చేరింది. అయితే ఈనె తల్లి మొక్క శరీరం కనుక, ఆ ఏటి కాయలో కారం కనబడలేదు. గింజలో దాగి, మరుసటి ఏడు పళ్ళెంలోకి వచ్చింది. విత్తనం మోసం చేయలేదు. నాకే దాని స్వభావం తెలియలేదు.

*

కారం లేని మిరప దొరికిన తరువాత దానిని బాగు చేసేవారికి తీపితో పెద్దగా పని ఉండదు. వారి యుద్ధమంతా వేరే వాటితో. 1928 ప్రాంతంలో అమెరికాలో వెలువడిన ‘కాలిఫోర్నియా వండర్’ ప్రపంచమంతటా తిరిగి, మన కొండ ప్రాంతాలకూ చేరింది. దళసరి గోడలు, చక్కని పలకలు, నిండైన బరువు, అన్నీ ఉన్నాయి. కాని ఈ పంటకు చల్లని రాత్రులు కావాలి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పూత రాలుతుంది. సిమ్లాకు, బెంగుళూరుకు ఆ పేర్లు అందుకే దక్కాయి. మంజీర ఒడ్డున మే నెలలో కాచే ఎండ ముందు ఆ సుకుమారం ఎట్లా నిలుస్తుంది?

అందువల్ల మన శాస్త్రవేత్తలు ముందుగా చేసిన పని, విదేశీ రకాలను తెచ్చి మన ఎండలో నిలబెట్టి, నిలిచిన వాటిని ఏరుకోవడం. బెంగుళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఈ పనికి పెద్ద పీట వేసింది. అమెరికా నుండి వచ్చిన ‘టైటాన్’ నుండి ఎంపిక చేసినది అర్క మోహిని. ‘గోల్డెన్ కాల్‌వండర్’ నుండి ఏరినది అర్క గౌరవ్. బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులును ఇది కొంత తట్టుకుంటుంది. హంగరీ వారి ‘సొరొక్షారి’ నుండి వచ్చినది అర్క బసంత్. మంచి మొక్కను గుర్తించడం, దాని పువ్వుకు పరాయి పుప్పొడి సోకకుండా కాపాడటం, తరం తరం చెడ్డవాటిని తీసివేయడం, చెప్పడానికి రెండు ముక్కలు, చేయడానికి ఏళ్ళు. ఇట్లా స్థిరపడిన రకంలో రైతుకు ఒక సౌలభ్యం ఉంది. కారపు మిరపకు దూరంగా నాటుకుంటే తన విత్తనం తానే దాచుకోవచ్చు.

రెండవ దారి సంకరానిది. 1973లో బెంగుళూరుకు చెందిన ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ ‘భారత్’ అనే సంకర క్యాప్సికంను విడుదల చేసింది. ఆ సంస్థను స్థాపించినవారు మన్మోహన్ అత్తావర్. విచ్చుకోబోయే మొగ్గలోని కేసరాలను చిమటతో తీసివేసి, తండ్రి మొక్క పుప్పొడిని అద్ది, ఒక్కొక్క కాయనూ చేతితో పుట్టించాలి. కర్ణాటకలో రాణెబెన్నూరు పరిసరాలు ఈ చేతిపనికి పేరు పొందాయి. 1988 నాటి కొత్త విత్తన విధానం విదేశీ విత్తనానికి తలుపులు తెరిచాక ఆ దారి రాజమార్గమైంది.

సంకర విత్తనాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశ్యం కాదు. కాయలన్నీ ఒకే తూకంలో, ఒకే పలకల్లో రావడం పెట్టెల్లో సర్దే వ్యాపారికి కావాలి. తెగుళ్ళను తట్టుకొనే గుణాలను ఒకే మొక్కలోకి త్వరగా తేవడానికీ అది వీలు. తెలంగాణ వచ్చిన తరువాత ప్రభుత్వ రాయితీతో పాలీహౌసులు లేచినప్పుడు, ఎరుపు, పసుపు క్యాప్సికం మన రైతు చేతికీ వచ్చింది. అయితే ఆ విత్తనం గింజల లెక్కన అమ్ముతారు. మా బంధువు ఒకాయన నారు పోస్తున్నప్పుడు ఒక గింజ చేయి జారి నేల మీద పడితే, మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం చూశాను. వడ్లు బుక్కిళ్ళతో చల్లిన చేతులవి.

మా జిల్లాకు చెరకు పరిచయమున్న పంట. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక నీళ్ళు వచ్చాయి, నీళ్ళతో చెరకు వచ్చింది. కోయంబత్తూరులో పుట్టిన మేలు రకం కూడా ఒకసారి పొలంలోకి వచ్చిందంటే రైతుదే. గడ ముక్క నాటితే అదే రకం లేస్తుంది, పొరుగువాడికీ ఇవ్వవచ్చు. సంకర క్యాప్సికంలో ఆ ఇచ్చిపుచ్చుకోవడం లేదు. నా పెరటి మడి చెప్పినది అదే.

*

మరి మన నేల మీద రైతే చేసుకున్న మెత్తని మిరప ఏదీ లేదా? ఉంది. వరంగల్లు వైపు పండే చపాటా. గుండ్రంగా, ఎర్రగా టమాటాను తలపించడం వల్ల టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు దండి, కారం తక్కువ. పచ్చళ్ళకూ, రంగు తీసే పరిశ్రమకూ వాడుతారు. దీనిని ఏ ప్రయోగశాలా పుట్టించలేదు. ఎర్రదనం ఎక్కువ, మంట తక్కువ ఉన్న కాయను ఏటేటా పక్కన పెట్టి విత్తనం దాచుకున్న ఇళ్ళ పుణ్యమది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. తిమ్మంపేట మిరప రైతుల ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తు చేయగా, ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రపరమైన చేయూత ఇచ్చింది. చపాటా పూర్తిగా తీపి మిరప కాదు, కారాన్ని సగం మరచిన మిరప. హెసరఘట్టలో జరిగిన పని పేరు ఎంపిక. తిమ్మంపేట వైపు జరిగినదీ ఎంపికే. ఒకదానికి దస్తావేజు ఉంది, రెండవదానికి చాలాకాలం లేదు, అంతే తేడా.

మన పార్లమెంటు 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతును కూడా రకాన్ని రూపొందించేవానిగా గుర్తించింది. తన పంట విత్తనాన్ని దాచుకొనే, మళ్ళీ విత్తుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కునూ ఇచ్చింది. అయితే చట్టం హక్కునివ్వగలదు గాని, సంకరపు గింజ చేత తల్లి పోలికను నిలబెట్టించలేదు. దాచుకుంటే పనికివచ్చే మంచి రకం పొలంలో ఉంటేనే దాచుకొనే హక్కుకు విలువ. కామారెడ్డి ఎండకు ఓర్చే, రైతు విత్తనం తానే పట్టుకోగల తీపి మిరప కావాలని నేను అడగడం అందుకే. అది లాభం తెచ్చే పని కాదు కనుక, ప్రభుత్వ పరిశోధనా క్షేత్రాలే చేయాలి.

మా అమ్మ మాత్రం నా కారపు సిమ్లా మిర్చిని పారవేయలేదు. “సిమ్లాది కాకపోతే మనదే అయితది” అని, రెండు కాయలు ఎండబెట్టి గింజలు గుడ్డలో మూటగట్టింది. బజ్జీలకు పనికివచ్చే పెద్ద మిరప ఒకటి అట్లా మా ఇంట్లో మూడు నాలుగేళ్ళు నిలిచింది. దానికి పేరేమీ పెట్టలేదు.